జాలీ చెక్క కింద పేరు

మా ఆయన మీద నాకున్నది ఒకటే ఫిర్యాదు. ఏ పనీ చెయ్యరని కాదు, ప్రతి పనీ మొదలుపెడతారని. మా ఇంట్లో నీళ్ళు లేని చేపల తొట్టి ఉంది. తీగలు లేని వయొలిన్ ఉంది. మూడు కాళ్ళకే రంగు పడ్డ కుర్చీ ఉంది; నాలుగో కాలు గోడవైపు తిప్పి పెట్టి ఇంటి పరువు నేను కాపాడుకొస్తున్నాను. ఆరంభశూరులకు పోటీ పెడితే మొదటి బహుమతి ఆయనదే. తెచ్చుకోవడానికి బయల్దేరి సగం దారిలో తిరిగొస్తారు కాబట్టి, నేను వెళ్ళి పట్టుకురావాలి.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆ వరసలో వచ్చిందే స్క్రోల్ సా. చూడ్డానికి కుట్టుమిషనుకు పెద్దమ్మ కూతురిలా ఉంటుంది. సూది ఉండాల్సిన చోట దారమంత సన్నటి రంపపు బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంటుంది. పలచటి చెక్క మీద బొమ్మ గీసిన కాగితం అంటించి, గీత వెంబడి చెక్కను తిప్పుకుంటూ పోతే ఆకులూ పూలూ జాలీలా తెగి వస్తాయి. ఆయన తిప్పలేదు, తోశారు. ఉన్న బ్లేడ్లన్నీ పుటుక్కు పుటుక్కున విరిచి, "నాసిరకం సరుకు" అని తీర్పు చెప్పి, మిషను మీద ఒక దుప్పటి కప్పేశారు.

దుప్పటి నాది. అందుకని తీశాను.

తీశాక మళ్ళీ కప్పబుద్ధి కాలేదు; కొత్త బ్లేడ్లు తెప్పించుకున్నాను. ఇన్నేళ్ళు జాకెట్ల మెడలు తిప్పిన చేతులకు చెక్క తిప్పడం పెద్ద కష్టమనిపించలేదు. కష్టమంతా లోపలి ఖాళీలతోనే. చుట్టూ చెక్క ఉండి మధ్యలో ఒక ఆకంత ముక్క తీసెయ్యాలంటే, ముందు అక్కడ డ్రిల్లుతో చిన్న చిల్లు పెట్టాలి. బ్లేడు పై కొస ఊడదీసి, ఆ చిల్లులోంచి పైకి గుచ్చి, మళ్ళీ బిగించాలి. వేలితో మీటితే టింగుమనాలి. అప్పుడు కొయ్యాలి. తర్వాత ఖాళీకి మళ్ళీ మొదటికి. పూసలు గుచ్చినంత ఓపిక కావాలి, గుచ్చిన ప్రతి పూసకీ దారం తెంపి ముడెయ్యాలన్నంత ఓపిక. ఓపిక విషయంలో నాకు కొరత లేదు. నా పెళ్ళి ఎవరితో అయిందో చెప్పాను కదా.

వంటింటి కిటికీలోంచి సాయంత్రం ఎండ సూటిగా ముఖాన కొడుతుంది. దానికోసమని ఒక తీగ జాలీ మొదలుపెట్టాను. కింద మొదలు, మీద మొగ్గలు, మధ్య అల్లుకున్న ఆకులు. అంతా అయిపోవస్తుండగా ఒక ఆకు కాడ దగ్గర గీత దాటి ఇవతలికి వచ్చాను. ఆకు ఊడి మిషను బల్ల మీద పడింది. ఆయన టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను ఏడవలేదు గానీ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాను.

"పోనిద్దూ, ఇంకోటి చేసుకుందువుగాని," అన్నారు.

ఇంకోటి చెయ్యలేదు. పారేసే ముక్కల్లోంచి సన్నటి నులితీగ ఒకటి కోసి, ఒక కొస ఆకుకీ ఇంకో కొస కాడకీ బంకతో అతికించాను. ఆకు నిలబడింది. ఆయన వంగి చూసి "అబ్బో!" అన్నారు. ఆయన నోటివెంట ఆ మాట వస్తే నాకెంత సంతోషమో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే అదీ సగంలో ఆపేస్తారు.

వార్నిష్ వేయించుకొస్తానని ఆయనే జాలీని కాగితంలో చుట్టి తీసుకెళ్ళారు. ఎప్పుడడిగినా "ఇంకా ఆరలేదట" అనేవారు. ఇంత ఎండల్లో ఆరని వార్నిష్ ఏమిటో నాకు అర్థం కాలేదు. మొదలుపెట్టిన పని ఒకటైనా పూర్తి చేస్తున్నారు కదా అని ఊరుకున్నాను.

ఒకరోజు వీధి చివర ఉండే మా వదిన, అంటే ఆయన అక్కగారు, వచ్చి చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"ఏమ్మా మరదలా! మా తమ్ముడి చేతిలో అంత పనితనం ఉంటే నాకొక్క ముక్కైనా చెప్పలేదేం?"

"ఏ తమ్ముడు వదినా?"

"నాకెంతమంది ఉన్నారని? లైబ్రరీ హాల్లో హస్తకళల ప్రదర్శన పెట్టారు కదా. వాడి జాలీ ముందే జనమంతా. వాడు కుర్చీకి రంగెయ్యడమే ఎరగను, ఇంత నగిషీ ఎప్పుడు నేర్చాడే?"

నేను చీర మార్చుకోకుండానే వెళ్ళాను.

హాల్లో మంచి వెలుతురున్న చోట పెట్టారు నా జాలీని. వార్నిష్ ఎప్పుడో ఆరిపోయింది. దాని కింద చీటీ మీద ఆయన పేరు, పక్కన ఆయన పాత ఉద్యోగం. చుట్టూ మూగిన వాళ్ళకు ఆయన చెబుతున్నారు. ఎవరో ఆ నులితీగను వేలితో చూపించి, ఇదొక్కటే వేరుగా ఉందేమని అడిగారు.

"అది కావాలనే పెట్టానండి," అన్నారు మా ఆయన. "చూసేవాళ్ళ కన్ను అక్కడొక్క క్షణం ఆగాలి. అదీ దాని రహస్యం."

పేరు పోతే పోయింది. ఇంటిముందు పలక మీదా, కరెంటు బిల్లు మీదా ఆయన పేరే, నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. కానీ ఆ ఆకు విరిగినప్పుడు గుమ్మంలో నిలబడి చూసిన మనిషి ఆయన. నా పొరపాటును, దాన్ని సరిదిద్దుకోవడానికి నేను పడ్డ అవస్థను కూడా వదలకుండా తీసుకెళ్ళి తన చొక్కాకు తగిలించుకున్నారు. దొంగ బీరువా తెరిస్తే నగలు తీసుకుంటాడు. లోపల దాచుకున్న పాత చేతిరుమాలు కూడా పట్టుకుపోతే వాడు మనల్ని బాగా ఎరిగినవాడన్నమాట.

అప్పుడు చూశారు నన్ను.

లైబ్రరీ సెక్రటరీ చేతులు జోడించి, "ఇలాంటి కళాకారుడు ఇంట్లో ఉండటం మీ అదృష్టమండీ," అన్నాడు.

"అవునండీ," అన్నాను. "నాకూ ఇప్పుడే తెలిసింది."

ఇంటికొచ్చాక ఆయనే ముందు మొదలుపెట్టారు. "నేనేం చెప్పలేదు. మిషను నాది కదా, వాళ్ళే అలా అనుకున్నారు."

"కావాలనే పెట్టానన్నది కూడా వాళ్ళే అనుకున్నారా?"

"ఏదో మాటవరసకి అన్నాను. అయినా మొగుడూ పెళ్ళాలం. మనిద్దరిలో ఎవరి పేరైతే ఏంటి?"

"ఏం లేదు. ఈసారి కూర మాడినప్పుడు కూడా అదే మాట అనండి."

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గాయి. ఉప్పు కావాలంటే ఉప్పు, నీళ్ళంటే నీళ్ళు. ఎదురుగా కూర్చుని తింటున్న మనిషిని చూస్తే ఎవరింటికో భోజనానికి వెళ్ళినట్టుండేది. నాకు కావలసింది చీటీ మార్చడం కాదు. అది నేనూ మార్చగలను, నా చేతిరాత ఆయన దానికంటే మేలు. అబద్ధం ఏ నోటితో, ఏ జనం ముందు చెప్పారో, నిజం కూడా ఆ నోటితో అక్కడే చెప్పాలి. ఆయన తరఫున నేను చెబితే అది పితూరీ అవుతుంది.

ఈలోపు సెక్రటరీ ఉత్సాహం ఆపుకోలేక, కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మా ఆయన చేత క్లాసు పెట్టించాడు. పొగడ్తకు లొంగి ఈయన సరేనన్నారు. సరేనన్నాక తెలిసొచ్చింది. వంటింటి గుమ్మం దాకా వచ్చి గొంతు సవరించుకున్నారు.

"ఆ బ్లేడు ఎక్కించడం... ఒక్కసారి చూపిస్తావా?"

"మీకెందుకండీ శ్రమ? నాకు వచ్చుగా. మనిద్దరిలో ఎవరికొస్తే ఏంటి?"

ఆయన వెళ్ళిపోయారు. నేను హాలుకెళ్ళి నేర్చుకునేవాళ్ళలో నా పేరు కూడా ఇచ్చొచ్చాను.

క్లాసు రోజున మా మిషనును హాలుకు చేర్చారు. అక్కడ నన్ను చూసి ఆయన ముఖం చెక్కపొట్టు రంగుకు తిరిగింది. ముందు వరసలో వదిన, ఆమె పక్కన ఒక దర్జీ, రిటైరైన నర్సు, ఇంకా కొందరు. నేను బుద్ధిగా పెన్సిలు చెక్కుకుని చివర కూర్చున్నాను. ఆయన చెక్క గొప్పతనం గురించి, అడవుల గురించి, ఓర్పు గురించి మాట్లాడారు. ఓర్పు గురించి మరీ ఎక్కువసేపు మాట్లాడారు.

దర్జీ ఉండబట్టలేక అడిగాడు. "మాటలు బాగున్నాయి సార్. ఇదిగో, ఈ ఆకు చుట్టూ చెక్కే ఉంది. బ్లేడు లోపలికెలా వెళ్తుంది?"

ఆయన నావైపు చూశారు. నేను పెన్సిలు మొన చూసుకున్నాను.

"చెబితే ఏం తెలుస్తుంది, చేసి చూపిస్తా," అని స్విచ్చి వేశారు. బ్లేడు పళ్ళు కిందికి చూడాలి. ఆయన బిగించిన దానికి పైకి చూస్తున్నాయి. చెక్క టకటకా ఎగిరి గంతులేసింది. దాన్ని రెండు చేతులా అదిమిపట్టి, చిల్లు మాటే లేకుండా, అంచు దగ్గర్నుంచే కోసుకుంటూ ఆకు దాకా వెళ్ళారు. ఆకు చుట్టూ తిరిగేలోపు చెక్క విరిగి రెండై చెరో చేతిలోకీ వచ్చింది.

"ఏంట్రా తమ్ముడూ," అంది వదిన, "జాలీ అంటే జతగా వస్తుందా?"

అందరూ నవ్వారు. నర్సు నవ్వలేదు. గోడకున్న నా జాలీ దగ్గరికి వెళ్ళి, అంచు చుట్టూ వేలితో తడిమి చూసింది. "దీనికి అంచు ఎక్కడా తెగలేదే సార్. మరి దీన్నెలా కోశారు?"

అప్పుడు నేను చెయ్యెత్తాను. సెక్రటరీ, "అడగండమ్మా, సొంత మనిషే కదా," అన్నాడు.

"సార్," అన్నాను, "ఇలా విరిగితే, కావాలనే విరిచామని చెప్పొచ్చాండీ?"

నవ్వులు మళ్ళీ వచ్చాయి. ఆయన మాత్రం నవ్వలేదు. స్విచ్చి కట్టేశారు. చేతిలోని ముక్కలు రెండూ బల్లమీద పెట్టి, వాటిని కలిపి చూసి, మళ్ళీ విడదీశారు.

"చెప్పకూడదు," అన్నారు. "ఆ జాలీ నేను చెయ్యలేదు. మా ఆవిడ చేసింది."

"సార్ సరదాకి అంటున్నారు," అని సెక్రటరీ సర్దబోయాడు.

"సరదా కాదండీ. నేను వార్నిష్ వేయించాను, అంతే. అదీ ఇంకొకరి చేత. ఎవరి పేరైతే ఏంటి అని ఇంట్లో పెద్ద మాట అన్నాను. అక్కడున్నది నా పేరు కాబట్టి అనగలిగాను."

నా కోపం అప్పటికీ పోలేదు. కానీ పెన్సిలు కింద పెట్టాను.

"తప్పు చేశాను," అన్నారు, బల్లవైపు చూస్తూ.

"వెనకాలవాళ్ళకి వినపడలేదురా," అంది వదిన.

ఆయన తలెత్తి, వరసలన్నీ దాటి నన్ను వెతుక్కుని, గట్టిగా అన్నారు.

"తప్పు నాదే."