పరగడుపున వచ్చిన తల్లీ కూతుళ్ళు

కనీసం గుక్కెడు మంచినీళ్ళయినా తాగనివ్వాల్సింది, రక్తపరీక్షకి నీళ్ళు తాగొచ్చంటారు కదా, తనే ఒప్పుకోలేదు, రాత్రి భోజనం తర్వాత పిల్ల నోట్లో ఏమీ పడనివ్వలేదు, పిల్ల పరగడుపున ఉంటే తనకి మాత్రం ముద్ద దిగుతుందా, తనూ తినలేదు, తీరా వచ్చి కూర్చున్నాక ఆ సైకాలజిస్టు, చూడబోతే తన చెల్లెలికన్నా చిన్నది, రక్తం తీయడం, మందులు రాయడం నా పని కాదమ్మా, మేం మాట్లాడుకుంటాం అంతే, అనేసింది, పిల్ల నేలచూపులు చూస్తూ, నేను చెప్పాను కదమ్మా, అని గొణిగింది, చెప్పింది నిజమే, కానీ ఉత్త మాటలకి ఎవరైనా గంటసేపు తలుపులేసుకుంటారా, ఏదో ఒకటి తీస్తారు, తీయకుండా ఎలా తెలుస్తుంది, అందుకే టీకాల కార్డు దగ్గర్నుంచి ఏడో ఏట చెయ్యి విరిగినప్పటి ఎక్స్‌రే దాకా సంచీలో కుక్కుకొచ్చింది, ఆవిడ నవ్వకుండా ఆ ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి పెట్టి చూసి, ఎముక చక్కగా అతుక్కుందమ్మా, అంది, ఆ ఒక్క మాటకి ఆవిడ మీద కాస్త గురి కుదిరింది, కుదిరిందనుకునేసరికి ఆవిడ కోటుకి మూడో గుండీ ఒంటి దారంతో వేలాడుతూ కనపడింది, కుట్టుపని చేసుకునే కళ్ళకి ఇంకేం కనపడుతుంది, తన గుండీ తను కుట్టుకోలేని మనిషి నా పిల్లని ఏం బాగుచేస్తుంది.

పిల్లని లోపల ఉంచుకుని తనని బయట కూర్చోమన్నారు, ఎక్కడో కుళాయి కట్టేయలేదు, సర్రుమని ఒకటే చప్పుడు, లేచి చూడబోతే ముందుగదిలో బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి, అది కుళాయి కాదు పిన్నిగారూ, తలుపు పక్కన ఆ చిన్న డబ్బా ఉందే అదే, లోపలి మాటలు బయటకి వినపడకుండా పెట్టాం, అంది, తల్లి చెవిన పడకూడని మాటలు పిల్ల దగ్గర ఏమున్నాయి, పంతొమ్మిదేళ్ళదానికి, ఇంట్లో దాని పేరే వసపిట్ట, మిషన్ చప్పుడు మీద గొంతు పెంచి మరీ వాగేది, నోరు మూయవే తల్లీ, కుట్టు వంకర పోతోంది, అని ఎన్నిసార్లు కసిరిందో, ఆ పాపమే తగిలిందేమో, పరీక్ష సగంలో హాల్లోంచి లేచొచ్చేసిన రోజు నుంచి, మూడు నెలలవుతోంది, ఏమడిగినా ఏం లేదమ్మా, తలనొప్పా, ఏం లేదమ్మా, ఎవరైనా ఏమన్నారా, ఏం లేదమ్మా, దుప్పటి కింద భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నావా అన్నా ఏం లేదమ్మా, చివరికి ఈ గది సంగతి కనుక్కున్నదీ ఫోన్ చేసుకున్నదీ అదే, అక్క ఫోన్లో, పిచ్చి డాక్టరు దగ్గరికటే, నలుగురికీ తెలిస్తే, అంది, పన్ను పోటొస్తే పళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తావుగా, అప్పుడు నలుగురూ గుర్తురాలేదా, అని అక్కనైతే దులిపేసింది గానీ ఫోన్ పెట్టేశాక తనే లేచి వీధి తలుపు వేసొచ్చింది, ఇక్కడి మాటలు ఇక్కడే ఉంటాయి, ప్రాణం మీదికొచ్చే సంగతైతే తప్ప మీకు కూడా చెప్పను, అంది ఆ సైకాలజిస్టు తలుపేసుకునే ముందు, ప్రాణం అన్న మాట ఎందుకు తెచ్చింది, తన మొహం చూసి, మొదటిరోజు ఎవరికైనా ఇదే చెబుతానమ్మా, అని సర్దింది, ఇంతకీ ఏం చెబుతోందో లోపల, నా గురించేనేమో, ఈత నేర్పించలేదని, స్కూలువాళ్ళ టూరుకి పంపలేదని, వాన పడితే బడి మాన్పించానని, చెప్పనీ, చెప్పి తేలిక పడుతుందంటే నా మీద వంద చెప్పనీ.

ఎన్నాళ్ళకి బాగవుతుందండీ అంటే, ఇవాళ చెప్పలేనమ్మా, మొదటి రెండు మూడుసార్లు తెలుసుకోవడానికే సరిపోతాయి, నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఎప్పట్నుంచి ఇలా ఉంది, చెప్పాలనిపించనిది ఇవాళ వద్దు అనొచ్చు, నాతో కుదరకపోతే ఇంకొకరి దగ్గరికీ వెళ్ళొచ్చు, అంది, అదేం బేరమో అనుకుంది, అవున్లే, తను మాత్రం గుడ్డ తెచ్చిన రోజే కత్తెర వేస్తుందా, ముందు కొలతలు, అవేమన్నా తేలికా, టేపు నడుం చుట్టూ వేయగానే ఎంతటివాళ్ళైనా ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి పీలుస్తారు, ఇరవై ఏళ్ళుగా చెప్పిందే చెబుతోంది, ఊపిరి వదలండమ్మా, నా ముందు సన్నగా నిలబడి ఏం లాభం, రేపు తొడుక్కునేది మీరు, వదలరు, ఆ కొలతకి కుట్టిన గౌను కూర్చోగానే పిగిలిపోతుంది, ఎందుకు వదలరు, తను చూస్తోందని, ఎదురుగా నిలబడి చూస్తోందని, ఏం లేదమ్మా, ఏం లేదమ్మా, అడిగిన ప్రతిసారీ తన మొహం ముందే పాలిపోయి ఉండేది కాదూ, దాని దగ్గర ఏమీ లేక కాదు, ఉందంటే అమ్మ తట్టుకోలేదని, మూడు నెలలుగా నా ఎదుట ఊపిరి బిగబట్టుకుని నిలబడింది నా వసపిట్ట.

తలుపు తెరుచుకుంది, పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కూ ఎర్రగానే ఉంది, ఏమడిగింది, ఏం చెప్పావు, ఎందుకేడ్చావు, అన్నీ ఒక్కసారే గొంతు దాకా వచ్చాయి, మింగేసింది, వచ్చే వారం ఇదే టైముకి, అంటోంది ఆవిడ, గుండీ ఇంకా వేలాడుతూనే ఉంది, వచ్చే వారం సూదీ దారం తెస్తానండీ, ఆ గుండీకి, అని మాత్రం అంది, ఎప్పుడూ సంచీలోనే ఉంటాయి కదమ్మా అంది పిల్ల, ఎక్స్‌రేకి చోటు చాలక ఇంట్లో పెట్టొచ్చానే, అంటే పిల్ల మొహాన నవ్వులాంటిదేదో కదిలి పోయింది, మెట్లు దిగుతున్నారు, ఒక్క ముక్కా అడగలేదు, అడగకుండా ఉండటం ఇంత బరువని ఎవరూ చెప్పలేదు, మెట్టుమెట్టుకీ కాస్త కాస్తగా తన ఊపిరి తనే వదులుకుంటూ దిగుతోంది, చివరి మెట్టు మీద పిల్ల ఆగి, అమ్మా, ఆకలేస్తోంది, అంది, కళ్ళు తిరుగుతున్నాయి కూడా, అంతా నీ రక్తపరీక్ష పుణ్యమే, ఎదురుగా రొట్టెల దుకాణం తెరిచే ఉంది, అటు నడుస్తూ ఆ మాటనే నమిలినట్టు మళ్ళీ మళ్ళీ అనుకుంది, ఆకలేస్తోంది, కళ్ళు తిరుగుతున్నాయి, అంటే ఏదో ఉంది, ఏం లేదు అనలేదు, ఉంది అంది, అడక్కుండానే అంది, అడక్కుండా ఉన్నందుకే అంది.