ఐదో పీపా

పెద్దకోడలు గాజు గొట్టంతో నాలుగో పీపాలోంచి గుక్కెడు వైన్ తీసి నోట్లో వేసుకుంది. పుక్కిలించి బొక్కెనలో ఉమ్మేసింది. మళ్ళీ తీసుకుంది.

కొండవాలున ఉన్న రాళ్ళచేని ద్రాక్షతో చేసిన వైన్ అది. తీపన్నది మచ్చుకైనా ఉండదు. వానకు తడిసిన బండను నాలుకతో తాకినట్టుంటుంది, చివర్న రవ్వంత ఉప్పదనం. ఏటా ఆరంటే ఆరే పీపాలు. సీసా మీద ఆ ఒక్క చేని పేరే ఉంటుంది. దాని కింద సంతకం మొన్నటిదాకా ఆమె భర్తది, ఆయన పోయాక ఆమెది. నాలుగో పీపాలో మాత్రం ఆ రాయి మెత్తబడింది.

"ఏమోయ్ మరిదీ, నేను లేని ఇరవై రోజులూ పీపాలు నింపింది నువ్వేగా?"

పీపాలోని వైన్ చెక్కలోంచి కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. ఆ ఖాళీలో గాలి చేరితే పాడవుతుంది కనుక, వారం వారం అదే చేని వైన్‌తో అంచుదాకా నింపాలి. అందుకోసం ఒక చిన్న పీపా విడిగా దాచి ఉంచుతారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "నేనేం నీళ్ళు కలపలేదు వదినా!" అన్నాడు మరిది.

"నీళ్ళని నేనన్లేదే."

"చిన్న పీపా అయిపోయింది. కింద మన పల్లపు చేని వైన్ తలా ఓ చెంబెడు పోశా. అదీ మన ద్రాక్షేగా!"

"ఎన్నింట్లో?"

"రెండింట్లోనో, మూడింట్లోనో. గుర్తుంటే చెప్పనూ?"

మధ్యాహ్నం వైన్ కొనే షావుకారు వస్తాడు. ఆమె రొట్టెముక్క నములుతూ ఒక్కోటీ మళ్ళీ రుచి చూసింది. ఒకటి, రెండు, ఆరు నిక్కచ్చిగా రాళ్ళచేనివే. మూడు, నాలుగు కలిసినవి. ఐదోది ఒక గుక్కలో రాయి, మరో గుక్కలో అనుమానం.

"అనుమానమేగా, ఉంచేయ్ వదినా. తాగేవాళ్ళెవరైనా మన చేను చూశారా?"

చూడలేదు, నిజమే. చూడని చేనిని వాళ్ళు ఒక మాట మీద నమ్ముతున్నారు. అదే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. మూడు, నాలుగు, ఐదు పీపాలను పక్కకు పెట్టమంది.

వచ్చిన ముసలి షావుకారు పక్కన పెట్టినవీ వదల్లేదు. ఐదోది నోట్లో పడగానే కళ్ళు మూసుకున్నాడు. "అమ్మాయ్, అన్నింట్లోకీ ఇదే రాజా! దీనికి చేని పేరు పెట్టకపోతే ఇంక దేనికి పెడతావ్?"

మరిది మొహం చేటంత అయింది. నలభై ఏళ్ళ నాలుక అంటున్న మాట. నమ్మెయ్యాలని ఆమెకూ ఆశ పుట్టింది.

"ఇందులో ఏం పోశారో నాకు తెలీదు బాబాయ్."

"నేను చెప్తున్నాగా, స్వచ్ఛమైనదే!"

"అయితే సంతకం మీరు పెట్టండి."

"నేనా? నింపేటప్పుడు నేనిక్కడ లేనుగా!" అనేసి ముసలాయన నాలుక కరుచుకున్నాడు.

"నేనూ లేను బాబాయ్."

ఆయన మూడు పీపాలే రాసుకుని, గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

వదిన చెప్పినట్టే మరిది రబ్బరు గొట్టం తెచ్చి, ఐదో పీపాలోని వైన్‌ని, చేని పేరు లేకుండా అమ్మే పల్లపు చేని తొట్టిలోకి వదిలాడు. తడిబండ వాసన గుప్పుమంది. అతను గొట్టాన్ని మడిచి పట్టుకున్నాడు.

"వదినా, ఇందులో నేను పొయ్యలేదేమో!"

"పొయ్యలేదేమో. ఆపకు, కానియ్యి."