ఎర్ర నట్లు

నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి లిఫ్టాయన నిలబడే ఉన్నాడు. వెనకాల స్టూలు ఖాళీగా ఉంది. ఆ స్టూలు ఇచ్చింది కూర్చోవడానికే. ఇత్తడి పిడి తిప్పి నడిపే పాత లిఫ్టు అది. దాన్ని మార్చేదాకా దాంతోపాటు ఈ మనిషీ ఉంటాడని అందరికీ తెలుసు. పొద్దుట్నించి సాయంత్రం దాకా పైకీ కిందకీ తిరగడమే ఉద్యోగం. అంత తిరిగినా ఎక్కడికీ వెళ్ళినట్టు కాదు. కాలు ఒకచోట నిలవనివాడికి దేవుడు ఏరికోరి పెట్టెలో ఉద్యోగం ఇచ్చాడని బావ ఏడిపిస్తూ ఉంటాడు.

ఆ రోజు మరీ అన్యాయంగా ఉంది. ఎడమ మోకాలు ఊరికే ఊగుతోంది. చెయ్యి పిడి మీద ఉండగానే బొటనవేలు చూపుడువేలి గోటి కింద ఇరుక్కున్న ఆకుపచ్చ రంగును గీకుతోంది. కిరసనాయిలుతో ఎంత తోమినా పోలేదు. రెండో అంతస్తులో దిగాల్సిన గుమాస్తాను మూడులో దింపాడు. ఆయన గొణుక్కుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

లిఫ్టాయన అక్కావాళ్ళ ఇంట్లో పై గదిలో ఉంటాడు. ఒకటి రెండు సంబంధాలు వచ్చాయి గానీ, చూపుల్లో కుర్చీలోంచి లేచి కిటికీ గొళ్ళెం సరిచేసి, తలుపు కీచుమంటోందని నూనె అడిగే పెళ్ళికొడుకును చూసి వాళ్ళు జారుకున్నారు. తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు. బావ బస్సు డ్రైవరుగా పదవీ విరమణ చేసిన ఏడాది, ఇద్దరూ కలిసి వేలంలో ఒక మిలిటరీ జీపు పాడుకున్నారు. సైన్యం వాడి వాడి పారేసిన బండి. నేల పలకలో తుప్పు చిల్లులు, ఇంజనులో పక్షిగూడు. అక్క దాన్ని చుట్టూ తిరిగి చూసి, "శత్రువులు కూడా వద్దన్నారా దీన్ని?" అని అడిగింది.

కోత మిల్లు వెనక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నారు. లిఫ్టాయన నడివయసంతా ఆ షెడ్డులోనే బతికాడంటే తప్పు లేదు. డ్యూటీ దిగగానే అక్కడికే. తుప్పు గీకడం, రేకు అతకడం, పాత సామాన్ల బజారులో ఒక అద్దం కోసమో గేజీ కోసమో ఆదివారాలన్నీ తిరగడం. బావకు నిదానం ఎక్కువ, ఇతనికి తొందర ఎక్కువ. ఒకరు విప్పింది ఇంకొకరు బిగించేలోపు తగువు. బావ ఏ చిన్న వస్తువు విప్పినా ముందు తలమీది ఉన్ని టోపీ తీసి, మడ్‌గార్డు మీద బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టి, అందులో వేస్తాడు. నేలమీద పెడితే నేల మింగేస్తుందంటాడు. ఎండాకాలంలో కూడా ఆ టోపీ అందుకే.

ఈమధ్య బావ కళ్ళకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ జీపు రోడ్డెక్కాకే అని మొండికేశాడు. వేళ్ళతో తడిమి, రంగును బట్టి పని చేసుకుంటున్నాడు.

రంగు అంటే ముఖ్యంగా ఎరుపు. ఆ జీపు చక్రానికి రెండు వరసల నట్లు. లోపలి వరస విప్పితే చక్రం బండి నుంచి ఊడి వస్తుంది. బయటి వరస విప్పితే చక్రమే రెండు రేకులుగా విడిపోతుంది. టైరులో గాలి ఉండగా ఆ పని చేస్తే పైరేకు ఎగిరొచ్చి ఎదురుగా ఉన్న మనిషిని ప్రాణాలతో ఉంచదు. అందుకే బావ మొదటి రోజే బయటి వరసకు ఎర్ర రంగు పూశాడు. "ఎరుపు కనబడితే చెయ్యి వెనక్కి తీసుకో. దాని సంగతి గాలి తీశాకే" అని చెప్పాడు. ఆ మాట ఇతనికి చెప్పి చెప్పి, చివరికి జీపుకే చెబుతున్నట్టు చెప్పేవాడు.

వచ్చే ఆదివారం మైదానంలో పాత మిలిటరీ బళ్ళవాళ్ళంతా కలుస్తున్నారు. వీళ్ళ జీపు మొదటిసారి బయటికి వెళ్ళాలి. ఆ బళ్ళవాళ్ళ లోకం వేరు. సీటు కుట్టుకు వాడిన దారం రంగు తప్పన్నందుకు ఇద్దరు స్నేహితులు అక్కడ మాటలు మానేశారు. అలాంటి కళ్ళముందు పెట్టబోయే బండిని నిన్న సాయంత్రం లిఫ్టాయన ఒంటరిగా చుట్టూ తిరిగి చూశాడు. పని అంతా అయిపోయింది. చేతులు ఊరుకోవు. గోడకు అంటించిన పాత నలుపు తెలుపు ఫొటోలో ఇదే రకం జీపు ఉంది. అందులో నట్లు, చక్రం ఒకటే రంగు. మరి బావ ఎరుపు ఎక్కడిది? బస్సుల అలవాటై ఉంటుంది. ఆదివారం నలుగురూ నవ్వుతారు. డబ్బాలో అడుగున ఆకుపచ్చ రంగు మిగిలి ఉంది. నాలుగు చక్రాలకూ నట్లన్నీ పూసేశాడు. పూసినంతసేపూ ప్రాణానికి హాయిగా ఉంది.

ఇంటికెళ్ళాక చెప్పలేదు. చెబితే మళ్ళీ ఎరుపు వేయమంటాడు. ఆదివారం దాటాక చెబుదామనుకున్నాడు. తీరా పొద్దున బూట్లు తొడుక్కుంటుంటే, ముందు ఎడమ చక్రం లోపల బ్రేకు ఆయిలు కారుతోందనీ, మధ్యాహ్నం చక్రం విప్పి చూస్తాననీ బావ అన్నాడు.

"నేనొచ్చాక చూద్దాంలే బావా. అప్పటిదాకా ముట్టుకోకు."

"నీ లిఫ్టు కోసం నిలబడ్డట్టు నీకోసం కూడా నిలబడాలా ఏంట్రా?" అన్నాడు బావ.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. అక్క క్యారేజీ చేతిలో పెట్టింది, వీధిలో బస్సు హారన్ వినబడింది, మాట మింగేసి పరుగెత్తాడు.

అప్పట్నించీ కాలుగాలిన పిల్లిలా ఆ పెట్టెలో తిరుగుతున్నాడు. భోజనం చేశాక బావ కునుకు తీస్తాడు, లేచేసరికి పొద్దు వాలుతుంది అని ఒకసారి అనుకున్నాడు. అన్నేళ్ళుగా విప్పుతున్న చక్రం, చేతికి తెలియదా అని ఇంకోసారి. ఆ ధైర్యం రెండు అంతస్తులు కూడా నిలవలేదు. క్యారేజీ విప్పలేదు.

మధ్యాహ్నం మూడో అంతస్తులో ఫొటో స్టూడియో నుంచి ఇద్దరు ఆడవాళ్ళు పెద్ద ఫ్రేము పట్టుకుని ఎక్కారు. అక్కచెల్లెళ్ళు. పాత నలుపు తెలుపు ఫొటోను పెద్దది చేయించుకున్నారు. భార్యాభర్తలు ఒక బల్ల మీద కూర్చున్నారు. చిన్నావిడ దాన్ని చూసి నిట్టూర్చింది.

"అమ్మ శాలువా ఎంత ఎర్రగా ఉండేదో. నాన్న కోటేమో ఆకుపచ్చ. ఇందులో చూడక్కా, రెండూ ఒకే తానులోంచి కోసినట్టున్నాయి."

లిఫ్టాయన పిడి వదిలేశాడు. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగింది. వాళ్ళు కంగారుపడి ఏమైందని అడిగేదాకా అతనికి తెలియలేదు. షెడ్డు గోడమీది ఫొటోలో కూడా ఆ నట్లు ఎర్రవే అయి ఉండొచ్చు. ఎవరో ఒకాయన, తన పక్కవాడు చావకూడదని పూసిన ఎరుపు. ఫొటోలో పడకపోయినంత మాత్రాన లేకుండా పోతుందా? తనేమో ఫొటోను నమ్మి ఆ ఎరుపును కప్పేశాడు.

కింద కాపలావాడి దగ్గర్నించి అక్కకు ఫోను చేశాడు. బావ ఆ రోజు కునుకు కూడా తీయకుండా వెళ్ళిపోయాడని, ఫోను అలమరలోనే పెట్టేసి పోయాడని, నీకేమైందిరా ఆ గొంతేమిటని అక్క అడుగుతూ ఉంది. పెట్టేశాడు. లిఫ్టు తలుపుకు 'పనిచేయుట లేదు' అన్న బోర్డు తగిలించాడు. ఉద్యోగంలో చేరాక డ్యూటీ మధ్యలో గడప దాటడం అదే మొదలు.

బస్సు దొరికింది గానీ అది కదిలితేనా. రద్దీలో ఆగినప్పుడల్లా తనే నెట్టి కదపాలన్నట్టు ముందు సీటును రెండు చేతులా పట్టుకున్నాడు. చివరికి దూకేసి పరుగెత్తాడు. దారి పొడుగునా చెవులు షెడ్డు వైపే ఉన్నాయి. పెద్ద చప్పుడేదైనా అయ్యుంటే మిల్లువాళ్ళు గుమిగూడేవాళ్ళు. మిల్లులో రంపం మామూలుగా తిరుగుతోంది. అది విని కాస్త ప్రాణం లేచొచ్చింది.

బావ ముక్కాలిపీట మీద కూర్చుని, జీపు పక్కకు ఒరిగి ఉన్నాడు. ఇంజను చప్పుడు వినేటప్పుడు అలాగే చెంప ఆనిస్తాడు. స్పానరు ఒళ్ళో ఉంది. ముందు ఎడమ చక్రం జాకీ మీద లేచి ఉంది.

"బావా."

రెండోసారి పిలవలేదు. భుజం ముట్టుకోగానే తెలిసింది. నెత్తురేమైనా ఉందేమోనని మొహమంతా, ఛాతీ అంతా వెతికాడు. ఎక్కడా లేదు. మిల్లు యజమాని పిలుచుకొచ్చిన డాక్టరు చూసి, గుండె ఆగిందనీ, బాధ పడి ఉండడనీ చెప్పాడు. లిఫ్టాయన నమ్మలేదు. "నేనే చంపాను" అన్నాడు. దుఃఖంలో ఏదో అంటున్నాడని వాళ్ళు భుజం తట్టారు.

అక్క వచ్చింది. భర్త పక్కన కూర్చుని ఆయన చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. తర్వాత తమ్ముడి వైపు చూసింది.

"చేతులు కడుగురా. గ్రీజు చేతుల్తో ఇంట్లోకి రారు ఆయన."

సబ్బు తెచ్చి కడిగాడు. ఒక్కొక్క వేలూ కడిగాడు. కుడిచేతి బొటనవేలి గోటి కింద ఆకుపచ్చ రంగు పొట్టు ఉంది. అచ్చం తన గోటి కింద ఉన్నట్టే. అది ఎక్కడిదో అప్పుడు ఆలోచించే స్థితిలో లేడు.

అందరూ ఆయన్ని తీసుకుని బయల్దేరాక షెడ్డుకు తాళం వేయడానికి అతనొక్కడే వెనక్కి వచ్చాడు. జాకీ దించుదామని చక్రం మీద చెయ్యి వేశాడు. టైరు చేతికింద మెత్తగా దిగిపోయింది. మళ్ళీ నొక్కాడు. గాలి లేదు. వంగి చూశాడు. బయటి వరసలో ఒక నట్టు మీద ఆకుపచ్చ గీకేసి ఉంది. కింద ఎరుపు. దాని పక్కది కూడా. మూడోది సగం గీకి ఉంది.

అంటే బావకు తెలిసింది. గోటితో గీకి, సంగతి గ్రహించి, ముందు గాలి తీసేశాడు. నిదానంగా, ఎప్పట్లాగే. తర్వాత కాసేపు కూర్చుందామనుకుని ఉంటాడు. తనను తిట్టుకున్నాడో, నవ్వుకున్నాడో. సాయంత్రం ఏడిపించడానికి ఏదో మాట సిద్ధం చేసుకునే ఉంటాడు. ఆ మాట ఏమిటో ఇక ఎప్పటికీ తెలియదనేసరికి లిఫ్టాయనకు ఏడుపు ఆగలేదు. ఆ పీట మీదే కూర్చున్నాడు. ఊగే మోకాలు ఊగడం మానేసింది. చాలాసేపు కదలకుండా, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చున్నాడు.

మడ్‌గార్డు మీద ఉన్ని టోపీ వెల్లకిలా ఉంది. అందులో, పోకుండా పెట్టిన టైరు వాల్వు పిన్నూ, దాని చిన్న మూతా ఉన్నాయి.