పేరు లేని గిన్నె

భార్య సోల్వే చనిపోయాక వారమంతా చర్చి ఆడవాళ్లు ఆర్విడ్‌కి హాట్‌డిష్ మీద హాట్‌డిష్ తెచ్చిపెట్టారు. గిన్నెలో అన్నీ కలిపి ఓవెన్‌లో వండే ఆ వంటకాలన్నిట్లోనూ అదే ట్యూనా, అవే నూడుల్స్. పెళ్లాం పోయిన దుఃఖం చాలదన్నట్టు పైన ఈ చేపొకటి! తిన్నాడు, తోమాడు, గిన్నెల అడుగున టేపు మీదున్న పేర్లు చూసి ఎవరిది వాళ్ల గుమ్మంలో పెట్టి, తలుపు తట్టకుండా పారిపోయి వచ్చాడు.

ఒక్క నీలం గిన్నెకు మాత్రం పేరు లేదు. ఒకరి గిన్నె ఉంచేసుకుంటే మిన్నసోటాలో మనిషి తలెత్తుకు తిరగలేడు. ఇక తప్పక తలుపులు తట్టాడు.

“నాది కాదు గానీ, లోపలికి రావయ్యా, కాఫీ తాగుదువు,” అంది బెర్నీస్. తరవాత అందరిదీ అదే మాట. మొగుడు పోయి ఒంటరిగా ఉంటున్న మేవిస్ ఇంటికి చేరేసరికి అతని కడుపు నిండా కాఫీ, నోటి నిండా సోల్వే కబుర్లు.

“నేనే తెచ్చాను,” అంది మేవిస్.

“పేరు రాసి చావొచ్చుగా! ఊరంతా తిరిగాను!”

“మా ఆయన పోయినప్పుడు మీ ఆవిడ తెచ్చిన ఈ గిన్నె పట్టుకుని నేనూ ఇలాగే తిరిగి, ఆవిణ్ణి ఇలాగే తిట్టాను. ‘పేరు రాస్తే నువ్వు ఒక్క తలుపైనా తట్టేదానివా? నీ దగ్గరే ఉంచు, రేపు మా ఆర్విడ్‌కి కావాలి’ అంది.”