ఆరోగ్యవంతుల రక్తం

శంఖంలో పోస్తేగాని తీర్థం కాదంటారు. కొత్తగూడలోని ఆ అపార్ట్‌మెంట్‌కి డెంగీ ఎక్కణ్ణుంచి వచ్చిందన్న సంగతి మీద మీటింగులో తలా ఒక మాట అన్నారు. దేవిశ్రీ నోరు తెరిచాక మాత్రం ఇంకెవరూ మాట్లాడలేదు. మరి ఆవిడేమన్నా మామూలు మనిషా? మాదాపూర్‌లో వైరస్‌ల జన్యువులు చదివే ల్యాబ్‌లో సైంటిస్టు, పైగా డెంగీ మీదే పీహెచ్‌డీ. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఆవిణ్ణి అందరూ డాక్టరుగారనే పిలుస్తారు.

"వాచ్‌మన్ గది వెనకున్న నీళ్ల డ్రమ్ము చూశారా? మూత కూడా లేదు. పైగా వాళ్ల చుట్టాలు ఊళ్లనుంచి వస్తూ పోతూ ఉంటారు. ఇంకెక్కణ్ణుంచి వస్తుందండీ?" అంది దేవిశ్రీ.

వాచ్‌మన్ పెంటయ్య అక్కడే కుర్చీలు సర్దుతున్నాడు. అతని భార్య రుక్కమ్మ అప్పటికే డెంగీతో దవాఖానలో పడి ఉంది. ఆ రుక్కమ్మ రోజూ అంట్లు తోమేది ఇంకెవరింట్లోనో కాదు, దేవిశ్రీ ఇంట్లోనే.

"జర ఇనుండ్రి అమ్మా. డ్రమ్ము నేను దినాం కడుగుత..." అనబోయాడు పెంటయ్య.

"ఊరికే అనడంలేదు పెంటయ్యా. రుక్కమ్మ రక్తం మా ల్యాబ్‌కి తెప్పించి, తేల్చి చూపిస్తాను," అనేసింది పెద్ద పోటుగత్తెలా.

సెక్రటరీ విశ్వేశ్వరరావుకి ఆ మాట చాలింది. వారంలోగా గది ఖాళీ చెయ్యమన్నాడు. పక్కనున్న తల్లులు పిల్లల్ని ఇవతలికి లాక్కున్నారు, పెంటయ్యే కుడతాడన్నట్టు.

అన్నట్టే రక్తం తెప్పించింది. డెంగీ వైరస్ ఒకటి కాదు, నాలుగు రకాలు. ఒక్కో రకంలో మళ్లీ బోలెడు తేడాలు. ఆ తేడాలు చదివితే ఏ వైరస్ దేనికి చుట్టమో, ఏ తోవన వచ్చిందో చెప్పొచ్చు. ఈ వానాకాలం నగరంలో తిరుగుతున్నదాన్ని దేవిశ్రీ కళ్లు మూసుకుని గుర్తుపడుతుంది.

ఇలాంటి పరీక్షలో జబ్బులేని రక్తం కూడా పక్కన పెట్టాలి, పోల్చుకోవడానికి. అదెక్కణ్ణుంచి తెస్తారు? ల్యాబ్‌వాళ్లే చెయ్యి చాపుతారు. వంతులవారీగా ఇచ్చి ఫ్రీజర్లో దాచుకోవడం అక్కడి ఆనవాయితీ. ఈసారి వాడింది దేవిశ్రీ నెల కిందట ఇచ్చిన రక్తం; సీసాల మీద పేర్లుండవు, నంబర్లే.

ఆ జబ్బులేని రక్తంలో డెంగీ కనబడింది.

"ఎక్కడో చెయ్యి జారింది మేడమ్. ఆ శాంపిల్ ఇందులో కలిసుంటుంది," అన్నాడు తోటి సైంటిస్టు పార్థసారథి. సీలు విప్పని ఇంకో సీసా తీసి మళ్లీ చేశారు. మళ్లీ అదే. జన్యువులు చదివి చూస్తే ఆవిడ రక్తంలోదీ రుక్కమ్మ రక్తంలోదీ అచ్చుగుద్దినట్టున్నాయి. నగరంలో తిరిగేదానితో వాటికి చుట్టరికమే లేదు. అసలు రకమే వేరు.

"ఇది మన ఊరిది కాదు మేడమ్. ఆ పేషెంటు గానీ విదేశం వెళ్లొచ్చిందా?" అన్నాడు పార్థసారథి తెరకేసి చూస్తూ.

రుక్కమ్మ వికారాబాద్ దాటి ఎరగదు. సముద్రం దాటింది దేవిశ్రీ. విదేశంలో ఏదో సదస్సుకి వెళ్లి, తిరిగొచ్చిన మర్నాడే రక్తమిచ్చింది. ఒళ్లునొప్పులుంటే ప్రయాణం బడలికనుకుంది. సాయంత్రానికి జ్వరం తగిలితే మాత్ర మింగి పడుకుంది. ఛీ, దీనికా పీహెచ్‌డీ! ఆవిడ బాల్కనీలో కుండీల కింద పళ్లేల నిండా నీళ్లే. అక్కడ పుట్టిన దోమలు ముందు ఆవిణ్ణి కుట్టి, తర్వాత రుక్కమ్మను కుట్టాయి. రుక్కమ్మకి డెంగీ ఇదివరకొకసారి వచ్చి పోయింది. ఒక రకం వచ్చినవాళ్లకి రెండో రకం తగిలితే ప్రాణం మీదికి రావచ్చని దేవిశ్రీ ఎన్ని వేదికల మీద చెప్పలేదు!

సిగ్గుతో ఆవిడకి చెవులు మండిపోయాయి. "వెళ్లొచ్చింది నేను," అని మాత్రం అనలేదు. బ్యాగు తీసుకుని తిన్నగా దవాఖానకి పోయింది.

రుక్కమ్మకి గండం గడిచింది. నీరసంగా గోడకానుకుని కూర్చునుంది. దేవిశ్రీ పక్కమంచంవాళ్లకి వినబడకుండా గొంతు తగ్గించి జరిగిందంతా చెప్పింది.

"అంటే నీ జరమేనా నాకొచ్చింది?"

"అవును రుక్కమ్మా. నన్ను క్షమించు. నీకేం కావాలన్నా..."

"నాకేం వద్దమ్మా. మా ఆయన్ని పదిమంది ముంగట అన్నవ్. గిప్పుడు ఈడికొచ్చి నా చెవుల చెప్తున్నవా? ఈడ ఎవలున్నరు ఇననీకి?"

దేవిశ్రీకి ప్రాణం చచ్చిపోయింది. నిజమే మరి. నలుగుర్లో పరువు తీసి, చాటుగా క్షమాపణ చెప్పుకోవడం ఎంత సుఖం! తను దవాఖానకి పరుగెత్తుకొచ్చింది రుక్కమ్మ కోసం కాదనీ, ఇక్కడైతే ఎవరూ చూడరనేననీ ఆవిడకప్పుడు తెలిసింది.

తిరిగొచ్చేసరికి గేటు దగ్గర ట్రాలీ ఆటో ఆగుంది. పెంటయ్య మంచం ఎక్కిస్తున్నాడు. సాయంత్రం కావడంతో సగం అపార్ట్‌మెంటు కిందే ఉంది. విశ్వేశ్వరరావు హుషారుగా ఎదురొచ్చాడు.

"రండి డాక్టరుగారూ! తేలిందా?"

"తేలిందండీ."

"లోపలికి రండి, నిదానంగా మాట్లాడుకుందాం."

"వద్దండీ, ఇక్కడే చెబుతాను." అందరికీ వినబడేలా చెప్పింది. "ఆ జ్వరం పెంటయ్యవాళ్లు తేలేదు. నేను తెచ్చాను, విదేశం నుంచి. మా బాల్కనీ దోమలే రుక్కమ్మని కుట్టాయి. మీటింగులో నేనన్నది అబద్ధం. పెంటయ్యా, తప్పయిపోయింది."

అందరూ తన ముఖంలోకే చూస్తుంటే తలెక్కడ పెట్టుకోవాలో ఆవిడకి తెలియలేదు. విశ్వేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు.

"సరే, అయిందేదో అయింది. ఇంకేం పెంటయ్యా, సామాను దించెయ్."

పెంటయ్య తాడు ముడి బిగించాడు. "మా ఆమెనడగాలె సార్. ఉండాల్నంటే ఉంటం, పోవాల్నంటే పోతం. గా మాట ఆమెదే."

నేలమీద ఇంకా ఒక బిందె మిగిలింది. దేవిశ్రీ వంగి దాన్నందుకోబోయింది.

"మీరు ముట్టకుండ్రి అమ్మా," అని పెంటయ్య బిందె తీసుకుని ఆటోలో పెట్టుకున్నాడు.