ఆడ కుందేళ్ళ లెక్క

“నా పరిశోధనాసక్తులు కూడా నువ్వే రాసిపెట్టెయ్. నీ ఆసక్తులూ ఎలాగూ అవేగా,” అన్నాడు భర్త, సోఫాలోంచి లేవకుండానే. అప్పటికి ఆమె అతని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. ఇద్దరూ ఒకే విశ్వవిద్యాలయంలో, జీవరసాయన, ఔషధశాస్త్ర విభాగంలో ప్రొఫెసర్లు. ఎవరు ఏం పరిశోధిస్తున్నారో విభాగం వెబ్‌సైటులో నాలుగు ముక్కలు పెట్టాలట. ఆయనగారు విభాగాధిపతి, ఆయనకు తీరికెక్కడిది! ఆమెకేమో తీరికే తీరిక.

ఆయనవి రాయడం ఆమెకు కొట్టిన పిండి. కీళ్ళనొప్పులకు కొత్త మందు, అది కణం మీద ఏ ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, నొప్పినెలా అణుస్తుంది. మరి తనవో? ఇన్నేళ్ళూ ఆయన మందుకు మోతాదులు తేల్చింది, ఆయన విద్యార్థుల థీసిస్‌లు దిద్దింది, ఆయన వ్యాసాల చివర ధన్యవాదాల్లో ‘నా శ్రీమతి’గా మిగిలింది. తనదంటూ ఉన్న ఆసక్తి ఒక్కటే, దాని ఊసు ఈ ఇంట్లో ఎత్తకూడదు. ఆడ కుందేళ్ళు.

ఆ మందును మగ కుందేళ్ళ మీదే పరీక్షించారు. ఆడవాటితో హార్మోన్ల గొడవ, లెక్కలు చెడిపోతాయి అంటాడు భర్త. ఆయనొక్కడే ఏమిటి, విభాగమంతా అదే పాట. ఆమెకు మనసొప్పక సెలవుల్లో ఆడవాటికిచ్చి చూసింది. గుండె గీతలు తీసే యంత్రం మీద కాసేపు అంతా మామూలుగానే నడిచింది. తర్వాత కొట్టుకోవడానికీ కొట్టుకోవడానికీ మధ్య ఎడం సాగుతూ పోయింది, లయ తప్పింది, గుండె ఆగింది. సగానికి సగం ఆమె చేతుల్లోనే పోయాయి. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. ఆ మెత్తటి ఒళ్ళు చల్లబడడం ఆమెకు అన్నం కలుపుతుంటే గుర్తొస్తుంది.

భోజనాల దగ్గర చెబితే భర్త నవ్వాడు. గీతలు తీసేముందు మత్తు ఎక్కువిచ్చి ఉంటావు, నీ చేతికి అసలే కొలత తెలీదన్నాడు. కూరలో ఉప్పు సంగతెత్తి అత్తగారు కూడా ఆ నవ్వులో కలిసింది. వాడంతటివాడు చెప్తుంటే మధ్యలో నీకెందుకమ్మాయ్ అంది. ఆమె కంచాలు తీసింది.

సోమవారం నుంచి ఆ మందు మనుషులకివ్వబోతున్నారు. కీళ్ళనొప్పులతో ఆస్పత్రికి వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. ముందుగా పేర్లిచ్చిందీ వాళ్ళే.

“అన్నట్టు చెప్పడం మర్చిపోయా,” అన్నాడు భర్త. “అనుమతుల కమిటీకి పెట్టిన దరఖాస్తులో నీ పేరే ముందు పెట్టాను. భద్రత విషయమంతా నువ్వే చూశావని రాశాను. ఛైర్మన్ అడిగితే అవునను, చాలు.”

ఒక్క క్షణం, సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆమెకు సంతోషమే వేసింది. మీ పేరెక్కడుందని అడిగింది. చివర్లో ఉందిలే, ఎప్పుడూ నేనేనా, నీకూ పేరు రావద్దూ అన్నాడు. వాడి మనసు వెన్న అంది అత్తగారు లోపల్నుంచి.

అప్పుడు అర్థమైంది ఆమెకు. ఆ రోజు నవ్విన మనిషి ఆమె మాట అక్షరం పొల్లుపోకుండా నమ్మాడు. నమ్మాడు కనకే, రేపు ఏ ఇల్లాలో కుప్పకూలితే ఎవర్ని నిలదియ్యాలో ఇవాళే సర్దిపెట్టాడు. తనతో పదిహేనేళ్ళుగా ఒకే మంచం మీద పడుకుంటున్నవాడు!

ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది. “కుందేళ్ళ సంగతి నమ్మారన్నమాట.”

అతను ఫోన్‌లోంచి తలెత్తలేదు. “అది మనింట్లోనే ఉండనీ,” అన్నాడు చాలా మెత్తగా. అరిచినా ఇంత భయమేసేది కాదు.

అక్కడే నిలబడి ఛైర్మన్‌కు ఫోన్ చేసింది. దరఖాస్తులో మొదటి పేరు తనదేనా అని అడిగింది. అవునమ్మా, అభినందనలు అన్నాడాయన. భర్త సోఫాలోంచి లేచాడు. అత్తగారు గుమ్మంలోకొచ్చి నిలబడింది.

“అయితే ఆ దరఖాస్తును నేను వెనక్కి తీసుకుంటున్నానండీ. సోమవారం ఎవరికీ ఆ మందు ఇవ్వకండి.”

భర్త నెమ్మదిగా వెళ్ళి వీధి తలుపు గడియ వేసి వచ్చాడు. ఆమె ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

“ఎందుకో చెప్తాను,” అంది. “రాసుకోండి.”