ఫ్రిజ్ బయట పెట్టిన దిమ్మ

నేను ఒక జెలటిన్ దిమ్మను. పుట్టింటి వైపు నుంచి చూస్తే జెల్లీకి దగ్గర చుట్టాన్నే. ఎముకల నుంచి తీసిన పొడిని వేడినీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, అచ్చులో పోసి, ఫ్రిజ్‌లో పెడితే తయారవుతాను. జెల్లీని మనుషులు తింటారు. నన్ను మనిషి అనుకుని కాలుస్తారు. తూటా ఒంట్లోకి ఎంత లోతు దిగుతుందో నా మీద చూసుకుంటారు. చెయ్యీ కాలూ లేని నాకు ఇంత హోదా ఎవరిచ్చారో తెలీదు.

ఆ రోజు మా పరీక్షశాలకు రెండు రకాల రైఫిల్ తూటాలు వచ్చాయి. ఒకటి బరువుది, ఒకటి తేలికది. తేలికదైతే జవాను ఎక్కువ మోసుకెళ్లగలడు. కానీ దూరం వెళ్లేసరికి దాని ఊపు తగ్గిపోతుందేమోనని పైవాళ్ల అనుమానం. పరీక్ష చేసే హైమవతికి మాత్రం తేలికదే గెలవాలని ఉంది. ఆమె తమ్ముడు శేషు సరిహద్దులో జవాను. కొండెక్కుతుంటే నడుం పడిపోతోందని ఫోన్ చేసినప్పుడల్లా గొణుగుతాడు. ఇక్కడ గెలిచినదే అతని పటాలానికి వెళుతుంది.

బరువు తూటా నా జోడీ దిమ్మలోకి బాగా లోతుగా దిగింది. తర్వాత వంతు నాది. ఈలోగా పరీక్ష చూడ్డానికి వచ్చిన కల్నల్ నరసారెడ్డి గారికి ఆకలేసింది. హైమవతి తెచ్చిన పెరుగావడల గిన్నె ఫ్రిజ్‌లో పట్టలేదు. కాసేపే కదా అని నన్ను తీసి కిటికీలో పెట్టింది. దేశరక్షణ కంటే పెరుగావడల చల్లదనం ముఖ్యమని ఫ్రిజ్ ఉన్న ఏ ఇంట్లోనైనా ఒప్పుకుంటారు. వడలు బాగున్నాయి. నన్ను మరిచిపోయారు.

ఎండకు మెత్తబడ్డాను. చల్లబరచకుండానే తీసుకెళ్లి గురి ముందు పెట్టారు. తేలిక తూటా వచ్చి తగిలితే ఆపలేకపోయాను. బరువుదానంత లోతుకు దిగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు తల దించుకోవాలనిపించింది, తల లేదు.

తూటా తియ్యడానికి వచ్చిన హైమవతి నా మీద అరచెయ్యి ఆనించి, అలాగే నిలబడిపోయింది. వెచ్చగా ఉన్నానని ఆమెకీ నాకూ మాత్రమే తెలుసు. నాకు నోరు లేదు. ఆమె కూడా నోరు లేనట్టే ఉంటే తమ్ముడి నడుం బతికిపోతుంది.

“ఇది చెల్లదు సార్. దిమ్మ వెచ్చబడింది. వడల కోసం బయట పెట్టింది నేనే.”

కల్నల్ గారు మూతి తుడుచుకున్నారు. “మరి మీ తమ్ముడి నడుం సంగతేంటమ్మా?”

“నడుం నొప్పికి మందుంది సార్. వాడు కాల్చింది పని చెయ్యకపోతే వాడే ఉండడు.”

చల్లటి దిమ్మ మీద మళ్లీ కాల్చారు. తేలిక తూటా సగంలోనే ఆగిపోయింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. శేషు బరువుదే మోస్తాడు.

సాయంత్రం నన్ను కరిగించి, తూటా ముక్కలు పోయేలా టీ వడపోసినట్టు వడపోసి, మళ్లీ అచ్చులో పోశారు. గాయాలు పోయాయి, బెంగ పోలేదు. సరిహద్దు అవతల కూడా ఇలాంటి ఫ్రిజ్ ఒకటి, అందులో నాలాంటి దిమ్మ ఒకటి ఉండే ఉంటాయి. అక్కడ వాళ్ల తూటాల ముందు ఆ దిమ్మ నిలబడేది శేషుకు బదులుగా. అదీ ఎండకు మెత్తబడితే వాళ్లు ఊపులేని తూటాకే చప్పట్లు కొడతారు. కానీ వాళ్లెవరూ దాన్ని బయట పెట్టి మరిచిపోరు కాబోలు.